బానెట్ కింద పేరు తెలియని పార్ట్ కనిపిస్తే, తుక్కులో వేసే ముందు

మా అంబాసిడర్ మార్క్ 3 బానెట్ ఎత్తితే లోపలి గోడకి ఒక నల్ల డబ్బా బిగించి ఉండేది. అరచేతిలో పట్టేంత సైజు, బేకలైట్ మూత, కింద వరసగా ఐదు స్క్రూలు. బండి మా చేతికొచ్చేసరికే ఎవరో బ్యాటరీ చార్జ్ చేసే పాతకాలపు డైనమో పీకేసి, అదే పని చేసే ఆల్టర్నేటర్ పెట్టేశారు. వైరింగ్ శుభ్రం చేద్దామని ఒక ఆదివారం కూర్చుని ఆ డబ్బా మూత తీస్తే లోపల రెండు కాయిల్సు, నల్లగా మాడిన పాయింట్లు, ఎండిపోయిన సాలీడు ఒకటి. ఐదు స్క్రూల్లో మూడింటికి అసలు వైర్లే లేవు. చచ్చిన సరుకు, ఇంకా ఎందుకు మొయ్యడం అనుకుని, మిగిలిన రెండు స్క్రూల దగ్గరి గోధుమరంగు వైర్లు విప్పి, దేని కొసకి దానికి టేపు చుట్టి, డబ్బాని తుక్కులో పడేశాను. తర్వాత కీ తిప్పితే బండి ఉలకదు, పలకదు. లైట్లు లేవు, వైపర్ లేదు, డాష్‌బోర్డులో చిన్న దీపం కూడా వెలగలేదు.

మన షెడ్లలో దాన్ని కటౌట్ అంటారు. డైనమో రోజుల్లో చార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె అది. ఆ ఐదు స్క్రూలకి ఏ, ఏ1, ఎఫ్, డీ, ఈ అని గుర్తులుంటాయి. డీ, ఎఫ్ డైనమోకి వెళ్తాయి, ఈ అంటే ఎర్త్, ఏ బ్యాటరీ వైపు. ఏ1 నుంచి బండిలోని స్విచ్‌లకి కరెంటు పోతుంది. ఆల్టర్నేటర్ పెట్టినాయన డైనమో వైర్లు తీసేసి ఏ, ఏ1 అలాగే వదిలేశాడు కాబట్టి బండి మొత్తానికి కరెంటు ఆ డబ్బా లోపలి లావు రాగి చుట్ల గుండానే పోతోంది. అంటే డబ్బా తన అసలు పని ఎప్పుడో మానేసింది గానీ దారి ఇవ్వడం మాత్రం మానలేదు.

ఆ రోజు సాయంత్రం తుక్కులో చెయ్యి పెట్టి వెతుక్కున్నప్పటి నుంచి నాకో పద్ధతి అలవాటైంది. పార్ట్ పేరేంటి అన్న ప్రశ్న చివర్న అడుగుతాను. ముందు అడిగేది, ఇందులోకి ఏం వస్తోంది, ఇందులోంచి ఏం పోతోంది అని. పాత బండి మీద పని చేసేవాళ్ళకి ఇదే క్రమంలో చెప్తాను. నా ఉదాహరణలు ఎక్కువగా అంబాసిడర్‌వి, మీది పద్మిని అయినా హెరాల్డ్ అయినా దారి ఇదే.

ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి

పార్ట్ ఉన్నచోట ఉన్నంతసేపే మాట్లాడుతుంది, ఊడదీశాక సగం మూగదైపోతుంది. కాబట్టి పానా పట్టుకునే ముందు ఫోన్ పట్టుకోండి. దూరం నుంచి ఒక ఫొటో, చుట్టుపక్కల ఏమున్నాయో తెలిసేలా. దగ్గర్నుంచి నాలుగైదు, పక్కలూ అడుగూ కూడా. వైర్లుంటే ప్రతి వైరుకీ మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఏ స్క్రూకి ఉందో పెన్నుతో రాయండి. ఫొటోలో గోధుమరంగు, ఎరుపు, మాసిపోయిన ఊదా అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి ఫొటో ఉంది కదా అని టేపు మానేయకండి.

బ్యాటరీ తీసేయండి, బాడీకి బిగించిన కేబుల్ ముందు. ఎప్పుడూ నెగెటివే అనుకోవద్దు, పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. మన దేశంలో వాటిని మధ్యలో ఎవరైనా మార్చారో లేదో కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది.

స్ప్రింగ్ దాగిన చోట మాత్రం ప్రయోగాలు వద్దు. అంబాసిడర్ మార్క్ బండ్ల ముందు సస్పెన్షన్‌లో కాయిల్ స్ప్రింగులుండవు, బండి కింద పొడవునా పోయే టార్షన్ బార్లు ఉంటాయి. చూడటానికి మామూలు ఇనుప కడ్డీ. కానీ బండి ముందు భాగం బరువంతా ఆ కడ్డీ మెలిక మీదే నిలబడి ఉంటుంది. దాని కొసన ఉన్న నట్టు ఏంటో తెలియక విప్పితే మీ చేతికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పాత బ్రేక్ షూలు, గాస్కెట్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ కాలం సరుకులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

అసలు అది ఈ బండిదేనా?

విదేశాల్లో వాళ్ళు రాసే గైడ్లలో ఈ ప్రశ్న పెద్దగా కనిపించదు, మనకి మాత్రం ఇదే మొదటిది. ఎందుకంటే మన పాత బండ్లు చాలావరకు షోకేసులో పెరిగినవి కావు. ట్యాక్సీగా తిరిగాయి, పెళ్ళిళ్ళకి తిరిగాయి, ఆఫీసర్ల కింద తిరిగాయి, అయిదారు చేతులు మారాయి, ప్రతి చెయ్యీ తనకి తోచింది తగిలించింది.

అంబాసిడర్ పుట్టుక మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి. 1950ల చివర్లో కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో మొదలై 2014 దాకా తయారైంది. ఇంత సుదీర్ఘ కాలంలో 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ వచ్చింది, డీజిలూ వచ్చింది, 1990ల్లో ఇసుజు 1800 ఇంజనూ వచ్చింది. బయట షెడ్లలో జరిగిన ఇంజన్ మార్పిళ్ళకైతే లెక్కే లేదు. అందుకని మీ చేతిలోని బ్రాకెట్ ఏ ఇంజన్ కోసం వెల్డింగ్ చేసిందో, ఆ ఇంజన్ ఇప్పుడు బండిలో ఉందో లేదో కూడా ఆలోచించాలి.

తర్వాత చేరిన సరుకుని పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్ళున్నాయి. రంధ్రం అంచున పెయింటు లేకుండా తుప్పు పట్టి ఉంటే అది తర్వాత డ్రిల్ చేసిన రంధ్రం. వైరు కొసకి ఎర్ర, నీలం ప్లాస్టిక్ తొడుగున్న లగ్గులుంటే ఈమధ్యది. బుల్లెట్ కనెక్టర్లూ, గుడ్డ చుట్టిన వైరూ ఉంటే పాతది. మొత్తం అంగుళాల బోల్టులున్న చోట ఒక్క మిల్లీమీటరు బోల్టు కనిపిస్తే దాని మీద అనుమానపడండి.

ఒకాయన బండిలో పెట్రోల్ పైపు మధ్యన రెండు వైర్లున్న ఇత్తడి దిమ్మ ఒకటి చూశాను. ఆయన దాన్ని ఏదో స్పెషల్ ఫిల్టర్ అనుకుంటున్నాడు. డిక్కీ తెరిస్తే సిలిండర్ బిగించిన నాలుగు రంధ్రాలు కనిపించాయి, డాష్‌బోర్డు కింద మూడు స్థానాల స్విచ్ వేలాడుతోంది. సంగతి అర్థమైంది కదా, ఎప్పుడో పెట్టి తీసేసిన గ్యాస్ కిట్ తాలూకు సోలినాయిడ్ వాల్వు అది. గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు పెట్రోల్ ఆపడానికి పెట్టింది. కరెంటు ఉంటేనే తెరుచుకుంటుంది, వైరు లూజైతే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. ఆయన ఏడాదిగా కార్బ్యురేటర్ విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు పాపం.

వచ్చేదేంటి, పోయేదేంటి

ఇక్కడ తొందరపడకండి, ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. బండిలో ప్రయాణం చేసేవి లెక్కపెట్టగలిగినన్నే: పెట్రోల్, గాలి, ఇంజన్ పీల్చే వాక్యూమ్, నీళ్ళు, ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కరెంటు, ఇవి కాక కదలిక. మీ పార్ట్‌కి వీటిలో ఏవి అందుతున్నాయో పట్టుకుంటే పేరు దానంతట అదే దగ్గరికొస్తుంది.

పైపుంటే వేలితో దాని వెంటే పోండి, రెండో కొస ఎక్కడ తేలుతుందో చూసేదాకా వదలకండి. డెల్కో, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, పక్కన రేకు గిన్నె లాంటిది ఒకటి ఉంటుంది. దాని నుంచి సన్నటి పైపు కార్బ్యురేటర్ దగ్గరికి పోతుంది. లోపలికి పెట్రోల్ వెళ్ళదు, ఆయిల్ వెళ్ళదు, పైపు పొడిగా ఉంటుంది. అంటే మిగిలింది వాక్యూమ్. గిన్నెలోంచి ఒక కడ్డీ డెల్కో లోపలికి పోయి పాయింట్లున్న పళ్ళేన్ని లాగుతుంది. వాక్యూమ్ వస్తోంది, కదలిక పోతోంది, ఆ పళ్ళేన్ని తిప్పుతోంది. ఇంజన్ మీద లోడు తక్కువున్నప్పుడు స్పార్క్ టైమింగ్‌ని ముందుకి జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ ఇది. పేరు తెలియకపోయినా పనేంటో మీకు ముందే తెలిసిపోయింది, చూశారా.

కరెంటు పార్ట్ అయితే వైరు రంగులు సగం పని చేసిపెడతాయి. లూకాస్ (బ్రిటన్ కరెంటు సామాను కంపెనీ) పద్ధతిలో వైరింగ్ చేసిన బండ్లలో గోధుమరంగు అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు. తెలుపు కీ తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ అంటే కీ తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది, ఊదా అంటే కీతో సంబంధం లేకుండా ఫ్యూజు దాటి వచ్చేది. నలుపు ఎర్త్. నీలం హెడ్‌లైట్లు, ఎరుపు సైడ్, వెనక లైట్లు. సన్నటి రెండో గీత ఉంటే ఇంకొంచెం వివరం తెలుస్తుంది: నీలం మీద తెలుపు హై బీమ్, నీలం మీద ఎరుపు డిమ్, ఆకుపచ్చ మీద ఊదా బ్రేక్ లైటు. ఇప్పుడు క్లచ్ పెడల్ పక్కన, కాలి కింద, మ్యాట్ ఎత్తితే కనిపించే గుండ్రటి ఇనుప బొడిపె సంగతి చూడండి. కొత్త కార్లకి అలవాటుపడిన మా తమ్ముడు దాన్ని హ్యాండ్‌బ్రేక్ తాళం అనుకున్నాడు. కింద మూడు వైర్లు: నీలం, నీలం తెలుపు, నీలం ఎరుపు. ఒకటి వస్తోంది, రెండు పోతున్నాయి, పైన నొక్కడానికి బొడిపె. ఎడమ కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ అని ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

అయితే వైరింగ్ ఎవరైనా మార్చిన బండిలో ఈ రంగుల్ని నమ్మొద్దు. దుకాణంలో ఆ రోజు ఏ రంగు చుట్ట ఉంటే అదే వేసేస్తారు. టెస్ట్ ల్యాంపుతో చూసుకోవాల్సిందే.

కడగండి, చదవండి

ఊడదీశాక కిరసనాయిల్లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి మెరిపించే పని మాత్రం ఇప్పుడే వద్దు, చాలా గుర్తులు వెంట్రుకవాసి లోతు కూడా ఉండవు, ఒక్క నిమిషంలో అరిగిపోతాయి. గది చీకటి చేసి టార్చిని పార్ట్‌కి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి, నేరుగా వేస్తే కనిపించని అంకెలు నీడలో తేలతాయి. ఇంకా తేలకపోతే చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దేవాళ్ళం కదా, అదే ఆట.

దొరికిన ప్రతి అంకే పార్ట్ నంబరు కాదు. పోతపోసినప్పుడు ఉబ్బెత్తుగా వచ్చిన నంబరు కాస్టింగ్ నంబరు. అదే కాస్టింగ్‌ని రకరకాలుగా మెషీనింగ్ చేసి వేరే వేరే పార్టులు చేస్తారు, కాబట్టి కాస్టింగ్ నంబరు కలిసినంత మాత్రాన పార్ట్ కలిసినట్టు కాదు. లోపలికి గుద్దిన నంబరు ఎక్కువ నమ్మకం. బ్రిటన్ లూకాస్ సరుకు మీద సాధారణంగా ఐదంకెల నంబరూ, పక్కనే నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి: 9 64 అంటే 1964 సెప్టెంబరు. ఈ తేదీ భలే పనికొస్తుంది, 1976 బండిలో 1964 పార్ట్ దొరికితే అది వేరే బండి నుంచి వచ్చిందని తేలిపోతుంది. మన దేశంలో ఇదే కుటుంబపు కరెంటు సామాను 1961లో పుట్టిన మద్రాసు లూకాస్-టీవీఎస్ చేసేది.

ఎస్‌యూ రకం కార్బ్యురేటర్ ఉన్న బండి అయితే పైన ఒక స్క్రూ కింద చిన్న రేకు ట్యాగు ఉండాలి, దాని మీది నంబరే కార్బ్యురేటర్ జాతకం. విప్పినప్పుడల్లా అది ఎగిరిపోతుంది, అందుకే చాలా బండ్లలో ఉండదు. లోపలి సూదికి కూడా అక్షరాలు ఉంటాయి, కిందికి సన్నబడే భాగం మీద కాదు, పైన లావుగా ఉండే చోట. భూతద్దం కావాలి.

కొలవండి

రెండు మూడు వందల రూపాయల థ్రెడ్ గేజీ, ఒక వెర్నియర్ కొనుక్కోండి. మర కొలిస్తే పార్ట్ ఊరు తెలుస్తుంది. పద్మిని మూలం ఫియట్ 1100, అంటే ఇటలీ, మిల్లీమీటర్లు. అంబాసిడర్ ఇంజన్ బ్రిటిష్ బీఎంసీ బీ సిరీస్, అక్కడ అంగుళాల యూఎన్‌ఎఫ్ (సన్న మర), యూఎన్‌సీ (ముతక మర) మరలు. 5/16 యూఎన్‌ఎఫ్ బోల్టు లావు 7.94 మి.మీ., అంగుళానికి 24 చుట్లు. మామూలు ఎం8 బోల్టు లావు 8 మి.మీ., చుట్టుకీ చుట్టుకీ 1.25 మి.మీ. చేత్తో పట్టుకుంటే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎం8ని 5/16 రంధ్రంలో పెడితే ఒకటి రెండు చుట్లు హాయిగా వెళ్ళి బిగుసుకుంటుంది, అక్కడ పానాకి బలం వేస్తే మర పోయినట్టే. చేత్తో తిరగనిదాన్ని పానాతో తిప్పకండి. పానాల్లోనూ ఇదే గొడవ, 1/2 అంగుళం తల 12.7 మి.మీ., దాని మీద 13 పానా కూర్చున్నట్టే కూర్చుని అంచులు గుండ్రంగా చేసేస్తుంది. మీ బండిలో గుండ్రటి తలల బోల్టులు ఎందుకన్ని ఉన్నాయో ఇప్పుడు తెలిసిందా.

అరుగుదల ఎక్కడుంది

మెరిసే చోట ఇంకో లోహం రాసుకుంది, మెరవని చోట ఏదీ తగల్లేదు. ఒకవైపే మెరిస్తే ఒకవైపే బలం పడుతోంది. గుండ్రంగా మెరిస్తే తిరుగుతోంది, నిలువు గీతలుంటే పైకీ కిందికీ ఆడుతోంది. అయస్కాంతం అంటుకోకపోతే ఇత్తడో, అల్యూమినియమో, జింకు పోతో. తెల్లటి పౌడరు పట్టి పగుళ్ళిస్తున్న పాత పోత ఎక్కువగా జింకుది, దాన్ని వైస్‌లో బిగిస్తే బిస్కెట్‌లా విరుగుతుంది, జాగ్రత్త.

మల్టీమీటర్ ఉంటే ఇంకొంచెం దూరం పోవచ్చు. మామూలు 12 వోల్టుల ఇగ్నిషన్ కాయిల్ చిన్న టెర్మినల్స్ మధ్య 3 ఓములు అటూ ఇటూ చూపిస్తుంది. దాదాపు ఒకటిన్నరే చూపిస్తే అది కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడాల్సిన రకం, నేరుగా 12 వోల్టులిస్తే కాలిపోతుంది. చూడటానికి రెండూ ఒకే డబ్బా. డెల్కో లోపలి కండెన్సర్ 0.2 మైక్రోఫారడ్ దగ్గర ఉంటుంది, అలాంటి ఆకారంలోనే రేడియో గరగర ఆపడానికి పెట్టే కెపాసిటర్లు కూడా బండిలో దొరుకుతాయి, విలువ వేరు, మార్చి పెట్టకండి.

ఇప్పుడు అడగండి, అడిగే పద్ధతుంది

ఫోన్ కెమెరాతో వెతికితే ఆకారం పోలినవన్నీ వస్తాయి, వాటర్ పంపు పుల్లీకి ట్రాక్టర్ పార్టులు చూపించింది నాకు. నంబరు దొరికితే నంబరుతో వెతకండి. దొరక్కపోతే విడదీసి గీసిన బొమ్మలుండే పార్టుల క్యాటలాగులు చూడండి, అంబాసిడర్ క్యాటలాగు దొరక్కపోతే దాని చుట్టాలవి. 1955 ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నది కూడా 1489 సీసీ బీ సిరీస్ ఇంజనే. విదేశాల్లో ఆ కారుకి అభిమానులు బోలెడు, బొమ్మలూ బోలెడు. ఇంజన్ లోపలి పార్టులకి అక్కడ చాలా జవాబులు దొరుకుతాయి, బాడీ సస్పెన్షన్‌లకి మాత్రం మారిస్ ఆక్స్‌ఫర్డ్ వైపు వెళ్ళాలి.

దుకాణానికి వెళ్తే పార్ట్ చేత్తో పట్టుకెళ్ళండి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పుస్తకంలో పేరు చెప్తే అర్థం కాక మీ మొహం చూస్తారు. డిస్ట్రిబ్యూటర్ అంటే డెల్కో, స్టార్టర్ మోటార్ అంటే సెల్ఫ్, లీఫ్ స్ప్రింగులంటే కమాన్ కట్టలు. డెల్కో అనేది ఒక కంపెనీ పేరు, అదే పార్ట్ పేరైపోయింది, అంతే. అంబాసిడర్ పాత సామానుకి కోల్‌కతా మల్లిక్ బజార్ పెద్ద దిక్కు, అక్కడికి పంపేటప్పుడు మాత్రం కొలతలు, ఫొటోలు, నంబరు అన్నీ కలిపి పంపండి.

మాకు దగ్గర్లో ఒక పెద్దాయన ఉన్నాడు, మెకానిక్‌గా పని మానేసి చాలా ఏళ్ళయింది. మొదటిసారి డాష్‌బోర్డు కింద దొరికిన అల్యూమినియం డబ్బీ ఒకటి పట్టుకెళ్ళి "ఇదేంటి బాబాయ్" అన్నాను. తీసుకుని చూడను కూడా చూడలేదు. "ఎక్కడ పీకావు? వైర్లెన్ని? తీశాక ఏం ఆగింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "అయితే ఎళ్ళి మళ్ళీ పెట్టి రా" అన్నాడు.

వెళ్ళి పెట్టాను. డబ్బీ అడుగున మూడు టెర్మినల్స్, బీ, ఎల్, పీ అని. బీకి ఆకుపచ్చ, అంటే కీ తిప్పాక వచ్చే కరెంటు. ఎల్ నుంచి వైరు స్టీరింగ్ వైపు పోతోంది, పీ నుంచి డాష్‌బోర్డులోని చిన్న దీపానికి. అప్పుడు ఊహించాను: ఇది ఇండికేటర్ ఫ్లాషర్ అయితే, బీ వైరు తీస్తే ఇండికేటర్లు చావాలి, బ్రేక్ లైటు చావకూడదు. తీశాను. సరిగ్గా అలాగే అయింది. పేరు రూఢి చేసుకోవడానికి నాకు తెలిసిన గట్టి దారి ఇదొక్కటే. పేరు అనుకున్నాక, అది నిజమైతే ఏది ఆగాలో ఏది ఆగకూడదో ముందే కాగితం మీద రాసి, తర్వాత పరీక్షించండి. బ్రేకు, స్టీరింగ్, పెట్రోల్ లైను పార్టుల మీద మాత్రం ఈ తీసి చూసే ఆట ఆడొద్దు, వాటిని తెలిసినవాళ్ళకి చూపించండి.

తేలిన పార్ట్‌ని జిప్ కవర్లో వేసి, ఎక్కడిది, ఎప్పుడు తీశాను, బోల్టులెన్ని అని చీటీ రాసి అందులోనే పెట్టండి. తేలనిదాన్ని కూడా అలాగే పెట్టండి, నా దగ్గర అలాంటివి ఇంకా రెండున్నాయి.

ఆ కటౌట్ డబ్బా మళ్ళీ తన చోటే ఉంది. లోపలి మాడిన కాయిల్సు తీసేసి ఏ, ఏ1 మధ్య లావు వైరు వేశాను, సాలీడుని దులిపేశాను. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించాను: "ఇది కటౌట్ కాదు, జంక్షన్. తీస్తే బండి కదలదు. డైనమో లేదు, ఆల్టర్నేటర్ ఉంది."